ఇంకిపోయిన నీరు: తవక్కుల్ భావనకు ఒక వివరణ

'తవక్కుల్' అనే పదాన్ని తెలుగులోకి తేబోయినప్పుడు మొదట తోచే మాట 'నమ్మకం'. ఆ మాట చాలదు. నమ్మకం మనసులోనే ఉండిపోయి, చేతికీ కాలికీ ఏ పనీ చెప్పకుండా ఊరుకోగలదు. 'శరణాగతి' గంభీరమైన మాటే గాని, మరొక మత సంప్రదాయంలో దానికి ఏర్పడిన శాస్త్రార్థం వెంటబడి వస్తుంది. పల్లెల్లో వాడుకలో ఉన్న మాట వేరొకటి ఉంది: దేవుడి మీద భారం వేయడం. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో హిందువులూ ముస్లింలూ అందరూ ఈ మాట వాడతారు. అయితే దీనికి రెండు వాడుకలున్నాయి. దుక్కి దున్ని, విత్తనం వేసి, మబ్బు వంక చూసే రైతు ఈ మాట అంటాడు. చేయవలసిన పని చేయక చేతులు ముడుచుకుని కూర్చున్నవాడు కూడా ఇదే మాట అంటాడు. మొదటివాడు ఫలితపు భారాన్ని అప్పగించాడు. రెండోవాడు పని భారాన్నే అప్పగించాడు. తవక్కుల్‌ను గురించి మన మస్జిద్‌లలోనూ ఇళ్లలోనూ సాగే చర్చలో సగం గందరగోళం ఈ రెండు వాడుకలూ కలిసిపోవడం వల్ల పుట్టినదే.

అసలు అరబీ మాటలో ఈ గందరగోళం లేదు. తవక్కుల్, వకీలు, వకాలతు ఒకే ధాతువు నుండి వచ్చాయి. భూమి తగాదాతో కోర్టు ఆవరణలో తిరిగే చదువురాని రైతుకు కూడా ఆఖరి రెండు మాటలూ తెలుసు. 'అల్ వకీల్' అల్లాహ్ శుభనామాలలో ఒకటి. ఇమామ్ గజాలీ (రహ్మ) (మరణం హి. 505, క్రీ. 1111) తమ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో తౌహీద్, తవక్కుల్‌లకు ప్రత్యేకంగా ఒక భాగాన్ని కేటాయించి, ఈ వకీలు ఉపమానంతోనే విషయాన్ని విప్పి చెప్పారు. కక్షిదారు తన వకీలులో తెలివి, శక్తి, వాగ్ధాటి, తనపై దయ ఉన్నాయని ఎంత గట్టిగా నమ్మితే అంత నిశ్చింతగా ఉండగలుగుతాడు. ఇది మొదటి మెట్టు. తల్లిని తప్ప మరెవరినీ ఎరుగని పసిబిడ్డ స్థితి రెండవది. స్నానం చేయించే వాని చేతుల్లో మయ్యిత్ ఉన్నట్లు ఉండడం మూడవది.

ప్రసంగాలలో ఎక్కువగా వినిపించేది ఈ మూడవ మెట్టే. వినడానికి అది ఇంపుగా ఉంటుంది. కాని అది అరుదైనదనీ, కలిగినా ఎక్కువ సేపు నిలవదనీ గజాలీ గారే స్పష్టం చేశారు. సామాన్య విశ్వాసికి ఉపయోగపడేది మొదటి మెట్టు. ఇందులో గమనించదగిన సంగతి ఒకటుంది. వకీలును పెట్టుకున్నవాడు కేసు ఆయనకు అప్పగించినంత మాత్రాన ఇంట్లో కూర్చోడు. కాగితాలు తెమ్మంటే తెస్తాడు, హాజరు కమ్మన్ననాడు హాజరవుతాడు. ఆ కాగితాలు తేవడం వకీలు మీద అపనమ్మకం కాదు. ఆయన చెప్పాడు గనుకనే తెస్తున్నాడు. తీర్పు మాత్రం తన కాగితాల వల్ల వస్తుందని అనుకోడు. పహాణీ నకలు చేతబట్టుకుని మెట్లెక్కే రైతుకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కర లేదు.

'లా హౌల' అనే జిక్ర్ విషయం కూడా ఇటువంటిదే. అల్లాహ్ ద్వారా తప్ప మనిషికి కదిలే సత్తువ గానీ, చేసే బలం గానీ లేదని దాని భావం. ఇది స్వర్గపు నిధులలో ఒక నిధి అని మహాప్రవక్త (స) హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)కి తెలియజేసినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దక్కనీ వాడుకలో ఇది చాలాచోట్ల చిరాకు మాటగా, షైతానును తరిమే మాటగా మిగిలిపోవడం విచారకరం. అజాన్‌లో ముఅజ్జిన్ నమాజుకు రమ్మని పిలిచినప్పుడు వినేవాడు ఈ జిక్ర్ పలకాలని ముస్లిం గ్రంథంలో హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతున్నది. రమ్మని పిలుపు వచ్చింది. రావడానికి నాకు శక్తి లేదు, ఉన్న శక్తి ఆయనదే అన్నాడు. అన్నవాడు లేచి నడిచాడు. తవక్కుల్ మొత్తం ఆ లేచి నడవడంలో ఉంది.

ఇదంతా నేలమీద ఎలా ఉంటుందో చూడడానికి దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం కంటే తగిన చోటు దొరకడం కష్టం. ఇక్కడ నల్గొండ, మహబూబ్‌నగర్ అంటే 2016లో చిన్న జిల్లాలుగా విడిపోక ముందటి పాత జిల్లాలని గ్రహించాలి. రెండింటికీ దక్షిణపు అంచున కృష్ణానది పారుతున్నది. 1967లో నాగార్జునసాగర్ నుండి నీరు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి చేలు వచ్చాయి. కాని దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట వైపు నేల నదికంటే ఎత్తున ఉంది. నీరు తనంతట తాను ఎక్కదు. ఏటా సగటున 600 నుండి 750 మిల్లీమీటర్ల వాన, అదీ ఒక ఏడాది కురిసి ఒక ఏడాది మొండిచేయి చూపే వాన, ఇక్కడి వ్యవసాయానికి ఆధారం.

నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. పైన కొంత లోతు వరకు రాయి చివికి మొరంగా మారి, నీటిని పట్టి ఉంచుతుంది. ఆ కింద గట్టి రాయిలో అక్కడక్కడ ఉన్న పగుళ్లలో మాత్రమే నీరు ఉంటుంది. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. కురిసిన వానలో దాదాపు పదో వంతు మాత్రమే ఇటువంటి రాతినేలలో లోపలికి ఇంకుతుందని భూగర్భజల నిపుణుల అంచనా. వెనకటివారికి ఈ లెక్కలు తెలియకపోయినా సంగతి తెలుసు. నల్గొండ పక్కనే పానగల్లులో కందూరి చోడుల కాలపు ఉదయసముద్రం చెరువు నేటికీ ఉంది. చెరువు కింద పొలం, పొలంలో మోట బావి, బావిలో చెరువు ఊట: ఈ ఏర్పాటు శతాబ్దాలు నడిచింది. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. బావుల్లో నీరు కిందికి దిగింది. బావి అడుగున బోరు వేశారు. ఆపైన బావినే వదిలి బోరు వేశారు. ఒకప్పుడు వంద, రెండు వందల అడుగుల్లో పడిన నీటి కోసం అయిదారు వందల అడుగులు దాటి పోవలసి వచ్చింది. తమిళనాడులోని తిరుచెంగోడు నుండి బోరు బండ్లు వచ్చి ఎండాకాలమంతా ఊళ్లలో తిరిగేవి. 2004లో ప్రముఖ పత్రికా రచయిత పి. సాయినాథ్ నల్గొండ జిల్లా ముసంపల్లి గురించి రాస్తూ, ఆ ఊళ్లో మనుషుల సంఖ్యను బోర్ల సంఖ్య మించిపోయిందని లోకానికి తెలియజేశారు.

దివ్య ఖుర్ఆన్ 67వ సూరా అల్ ముల్క్ చివరి రెండు ఆయతులను ఈ నేల మీద నిలబడి చదవాలి. 29వ ఆయతులో, కరుణామయుణ్ణి విశ్వసించామనీ, ఆయన మీదనే తవక్కుల్ చేశామనీ ప్రకటించవలసిందిగా ప్రవక్తకు ఆదేశం ఉంది. వెంటనే 30వ ఆయతులో ఒక ప్రశ్న ఉంది: మీ నీరు భూమి లోపలికి ఇంకిపోతే, పారే నీటిని మీకు ఎవరు తెచ్చి ఇస్తారు? సూరా ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. తవక్కుల్ మాట రాగానే నీటి మాట ఎందుకు వచ్చిందని పాఠకుడు ఆలోచించకుండా ముందుకు పోరాదు. మక్కావాసులు నది గాని చెరువు గాని ఎరుగరు. జమ్ జమ్, మైమూన్ అనే రెండు బావుల నీరే ఆనాటి మక్కాకు ఆధారమని ఇమామ్ ఖుర్తుబీ (రహ్మ) మొదలైన వ్యాఖ్యాతలు రాశారు. బావి నీటిమీద బతికేవారికే ఈ ప్రశ్న పూర్తిగా అర్థమవుతుంది.

ఇక్కడ 'ఇంకిపోయిన' అనే అర్థంలో వాడబడిన అరబీ మాట 'గౌర్'. వ్యాకరణ రీత్యా అది విశేషణం కాదు, క్రియానామం. ఇంకిన నీరు అనవలసిన చోట నీరే ఇంకుడు అయిపోయినట్లు చెప్పడం అన్నమాట. అడుగంటిపోవడంలోని తీవ్రతను తెలపడానికి అరబీలో ఇలా వాడతారు. ఇదే మాట నీటి గురించే మరొకచోట వచ్చింది: సూరా కహఫ్‌లోని ఇద్దరు మనుషుల వృత్తాంతంలో (18:32–44). ఒకనికి రెండు ద్రాక్షతోటలు, చుట్టూ ఖర్జూరపు చెట్లు, నడుమ పైరు, మధ్యలో పారే కాలువ. వాడు తన ధనం చూసుకుని, తన మందీమార్బలం చూసుకుని, ఈ తోట ఎన్నటికీ నశించదన్నాడు. స్నేహితుడు మందలించాడు: తోటలో అడుగుపెట్టినప్పుడు ఇది అల్లాహ్ తలచినందువల్ల కలిగింది, ఆయన వల్ల తప్ప బలం లేదు అని ఎందుకు అనలేదు? తోట ఎండిపోవచ్చు, లేదా దాని నీరు 'గౌర్' కావచ్చు, అప్పుడు వెదికినా నీకు దొరకదు. అన్నట్లే అయింది. పెట్టిన ఖర్చు తలచుకుని వాడు చేతులు నలుపుకున్నాడు. పెట్టిన ఖర్చు తలచుకోవడమన్న ఆ చిన్న వివరం ఎండిన బోరు పక్కన నిలబడినవాడికి తగిలినంతగా మరెవరికీ తగలదు.

మన మద్రసాలలో చదివించే తఫ్సీర్ జలాలైన్‌లో, ముల్క్ సూరా చివర, ఒక చిన్న సంగతి ఉంది. ఆ భాగం రాసినవారు జలాలుద్దీన్ మహల్లీ (రహ్మ) (మరణం హి. 864, క్రీ. 1459). ఈ ఆయతు వినిపించినప్పుడు ఒక అహంకారి, నీరు ఇంకితే గొడ్డళ్లూ గడ్డపారలూ తెస్తాయి అన్నాడట. వాని కంటి నీరు ఇంకిపోయి గుడ్డివాడయ్యాడట. దీనిని చారిత్రక ఘటనగా తీసుకోవలసిన పనిలేదు. వ్యాఖ్యాతలు ఇటువంటివి హెచ్చరికగా చెబుతారు. ముఖ్యమైనది ఆ జవాబు. గడ్డపారకు బదులు బోరు బండి అని మారిస్తే, అది ఎక్కడో విన్న మాటే అవుతుంది.

గడ్డపార వద్దని ఆయతు అనలేదు. బోరు వేయడం తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరైనా అంటే అది తప్పు. యమన్ నుండి కొందరు దారి భత్యం లేకుండా హజ్‌కు బయలుదేరి, తాము తవక్కుల్ చేసేవారమని చెప్పుకుని, మక్కా చేరాక బిచ్చమెత్తేవారు. ప్రయాణానికి భత్యం తీసుకోవలసిందిగా బఖరా సూరా 197వ ఆయతు వచ్చిన సందర్భం అదేనని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది. ఒంటెను కట్టి తవక్కుల్ చేయమన్న హదీసు అందరికీ తెలిసినదే. దానిని ఇక్కడ విస్తరించనక్కరలేదు.

చిక్కు రెండవ వైపు ఉంది. దాని గురించి తక్కువ మాట్లాడుతున్నాము. మెట్ట ప్రాంతంలో బోరు వేసే తీరు చూడాలి. మొదట నీళ్లు చూసేవాడు వస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలిచిన చోటో, వేపపుల్ల వంగిన చోటో ముగ్గు వేస్తాడు. (అతనికి గైబ్ తెలుసునని ఒక ముస్లిం నమ్మితే, అది బోరు విషయం దాటి అఖీదా విషయం అవుతుందని మాత్రం ఇక్కడ గుర్తుచేయాలి.) రాత్రివేళ బండి వస్తుంది. కేసింగు దింపుతారు. అడుగుకు ఇంత అని లెక్క నడుస్తుంది. నీరు పడితే ఇన్ని ఇంచులు పడిందంటారు. పడకపోతే తెల్లని రాతి దుమ్ము లేస్తుంది. ఇంకో వంద అడుగులు పొమ్మంటాడు రైతు. తర్వాత ఇంకో చోట. రెండవ బోరుకు బంగారం, మూడవదానికి నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ అప్పు, నాలుగవదానికి భూమి కాగితం పోతుంది. ప్రతిసారీ నోట వచ్చే మాట ఒకటే: అల్లాహ్ ఇస్తాడు.

ఇది తవక్కుల్ కాదు. మాట తవక్కుల్‌దే గాని, మనసు ఆనుకున్నది బండి మీద, అదృష్టం మీద, ఈసారి తప్పదన్న పట్టుదల మీద. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు. ఆయన వద్దన్న దారిన పోతూ ఆయన మీద భారం వేశామనడం, వకీలు వద్దన్న దావాను సొంతంగా వేసి వకాలత్‌నామాలో ఆయన పేరు రాయడంవంటిది. పందెంలో కూడా ఆశ ఉంటుంది, నమ్మకం ఉంటుంది, చేతులు పైకెత్తి ప్రార్థించడం కూడా ఉండవచ్చు. పందెం కాసేవాడు తన ఆశకు తగినట్లు ఫలితం రావాలని పట్టుబడతాడు. వకీలుకు అప్పగించినవాడు తీర్పు ఎటు వచ్చినా తన పక్షాన ఆలోచించేవాడు ఒకడున్నాడని ఎరుగును.

ఈ రెండింటినీ వేరు చేసి చూపే గురుతు ఒకటి సూఫీ మహనీయులు చెప్పారు. ఇబ్నె అతాఉల్లాహ్ ఇస్కందరీ (రహ్మ) (మరణం హి. 709, క్రీ. 1309) రచించిన హికమ్‌లో మొట్టమొదటి వాక్యం సారాంశమిది: మనిషి దేనిమీద ఆనుకున్నాడో అది జారినప్పుడు తెలుస్తుంది. కాలు జారగానే ఆశ తరిగితే, అంతవరకు ఆనుకున్నది తన కర్మ మీదనే. ఆయన మాట్లాడింది ఆరాధన గురించి. కాని అది సేద్యానికీ వర్తిస్తుంది. 1990ల చివర నుండి ఈ రెండు జిల్లాలలో కరువు ఏళ్లలో ఎందరో రైతులు పురుగుల మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. చనిపోయినవారి విశ్వాసాన్ని తూచే హక్కు ఎవరికీ లేదు. వారి హిసాబు అల్లాహ్ దగ్గర ఉంది, వారిని తోసిన అప్పులవాళ్ల హిసాబు కూడా అక్కడే ఉంది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న బతికి ఉన్నవారి గురించి. నాలుగో బోరు వేయబోతున్నవాడికి మస్జిద్‌లో ఎవరైనా తవక్కుల్ అంటే ఇంకొకసారి తెగించడం కాదనీ, ఆగడం కూడా తవక్కుల్ కావచ్చుననీ చెప్పారా? పంట మార్చి ఒక తడి తక్కువ పట్టే ఆముదమో కందో జొన్నో వేసుకోవడం, పొలం ఒక ఏడాది పడావు పెట్టడం ఓటమి కాదని చెప్పారా?

నీటి కోసం పరుగెత్తడమంటే ఏమిటో హజ్రత్ హాజిరా (అలై) వృత్తాంతంలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా లేదు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా బుఖారీలో ఇది సవివరంగా వచ్చింది. ఎండిన లోయలో ఒక తిత్తి నీళ్లు, కొన్ని ఖర్జూరాలు ఇచ్చి హజ్రత్ ఇబ్రాహీం (అలై) వెనుదిరిగినప్పుడు ఆమె వెంటబడి అడిగింది. జవాబు రాలేదు. చివరకు ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని అడిగింది. అవునని తెలియగానే, అలాగైతే ఆయన మమ్మల్ని నశింపజేయడని చెప్పి వెనక్కు మరలింది. ఇది తవక్కుల్. ఇక్కడితో కథ ఆగి ఉంటే, తవక్కుల్ అంటే కూర్చోవడమే అనుకునేవారికి బలం దొరికేది. తిత్తిలో నీరు అయిపోయింది, పాలు ఇంకాయి, బిడ్డ దాహంతో గిలగిలలాడాడు. ఆమె సఫా ఎక్కి చూసింది, దిగి లోయలో పరుగెత్తింది, మర్వా ఎక్కి చూసింది. ఏడుసార్లు. నశింపజేయడని అన్న స్త్రీయే పరుగెత్తింది. ఆ పరుగునే అల్లాహ్ హజ్, ఉమ్రాలలో ఆచరణగా ఉంచాడు.

ఇందులో రెండు వివరాలు చాలామంది దాటిపోతారు. నీరు ఆమె పరుగెత్తిన చోట రాలేదు. సఫా మీద గాని మర్వా మీద గాని ఊట పుట్టలేదు. బిడ్డ పడుకున్న చోట, ఆమె వదిలిపోయిన చోట, దైవదూత ద్వారా పుట్టింది. పరుగు వృథా కాలేదు, పరుగు నీటిని పుట్టించనూ లేదు. సాధనానికీ ఫలితానికీ మధ్య ఉన్న సంబంధం ఇలా ఉంటుంది. సాధనం ఆజ్ఞ, ఫలితం దానం. రెండవ వివరం: నీరు పైకి రాగానే ఆమె చేతులతో మట్టి చేర్చి చుట్టూ గట్టు కట్టింది, తిత్తిలో నింపుకుంది. అద్భుతంగా వచ్చిన నీటికి కూడా కట్ట వేసింది. ఆమె అలా వదిలివేసి ఉంటే అది పారే ఊట అయ్యేదని మహాప్రవక్త (స) దయతో అన్నట్లు అదే హదీసులో ఉంది. అయినా ఆ మట్టి కట్టిన చేతుల్లో తవక్కుల్ తగ్గిందని ఎవరూ అనలేదు. చెరువు కట్టలు తెగి, తూములు పూడి, తాంబేళ్లు తప్ప ఏమీ లేని కుంటల పక్కన అయిదు వందల అడుగుల బోర్లు వేసిన ఊళ్లలో ఈ హదీసు చదవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం, తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ చెరువుల పూడికతీత వచ్చాయి. అవి ఎంత పనిచేశాయన్నది వేరే చర్చ. బోరు నీటిని పుట్టించదు. పగుళ్లలోకి ఇంకిన వాననే అది పైకి లాగుతుంది. కట్ట కడితేనే ఇంకేది ఏమైనా ఉంటుంది.

వర్షాలు వెనకబడిన ఏళ్లలో ఈద్‌గాహ్‌లలో జరిగే ఇస్తిస్ఖా నమాజును కూడా ఈ దృష్టితో చూడవలసి ఉంది. హిజ్రీ 18లో, ఆముర్రమాదా అని పేరుబడిన కరువు ఏడాది, హజ్రత్ ఉమర్ (రజి) రాష్ట్రాల అధికారులకు ధాన్యం పంపమని రాశారు, మదీనా చుట్టూ చేరిన ఎడారివాసులకు వంటలు పెట్టించారు, ప్రజలకు దొరికేవరకు తాను నెయ్యి ముట్టలేదు. ఆ తర్వాత ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ని ముందుంచుకుని వాన కోసం దుఆ చేయించారు. వంటశాల, దుఆ ఒకదానికొకటి అడ్డు రాలేదు. జకాత్ ఆపిన జాతికి వాన ఆగుతుందనీ, పశువులే లేకపోతే అసలే కురవదనీ ఇబ్నె మాజాలో ఒక హదీసు ఉంది. ఈద్‌గాహ్‌కు పోయేముందు ఊరి ధనవంతులు తమ గాదె వైపు ఒకసారి చూసుకోవడం సమంజసం.

పాలమూరు కూలీల వలస గురించి కూడా ఒక మాట. మహబూబ్‌నగర్ మెట్ట గ్రామాల నుండి తరతరాలుగా కుటుంబాలు మేస్త్రీల వెంట దేశమంతటా పోయి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టాయి. పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో పోయి సాయంత్రం నిండు కడుపుతో వస్తాయని, తవక్కుల్ సరిగా చేస్తే మీకు కూడా అలాగే ఉపాధి లభిస్తుందని తిర్మిజీలో హదీసు ఉంది. పక్షి గూట్లో కూర్చోలేదు, పోయింది అని ఉలమాలు దానిని వివరించారు. ఆ సంగతి కూలీలకు చెప్పనక్కర లేదు. దేశానికి నీరు నిలిపి తమ ఊరికి నీరు లేక పోయినవారు వారు. ఈ హదీసును వారి మేస్త్రీలకు, అడ్వాన్సు పేరుతో కట్టివేసేవారికి వినిపించాలి.

నల్గొండలో నీటి కథ మరో మలుపు తిరిగింది. లోతుకు పోయినకొద్దీ దొరికిన నీటిలో ఫ్లోరైడు ఉంది. గ్రానైటు రాయిలోని ఖనిజాల నుండి అది నీటిలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఎన్నో రెట్లు మించిన నీరు తాగి మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల నడుములు వంగాయి. సూరా వాఖిఆలో (56:68–70) తాగే నీటి ప్రస్తావన వచ్చినప్పుడు, మబ్బు నుండి దానిని దింపినది మీరా మేమా అని అడిగి, మేము తలిస్తే దానిని చేదుగా చేసేవారమని అల్లాహ్ అన్నాడు. నీరు దొరకడం ఒక వరం, తాగదగిన నీరు కావడం మరొక వరం. రెండవది మన చేతిలో ఉందన్న ధీమా ఇక్కడ పోయింది. దానికి జవాబుగా ఊరుకోవలసిన పనిలేదు. వైద్యం చేయించుకోమని మహాప్రవక్త (స) ఆదేశించారు. నాగపూర్‌లోని 'నీరీ' సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి, తేర్చి, వడగట్టే చవకైన పద్ధతిని రూపొందించారు. అది నేటికీ ప్రపంచమంతటా 'నల్గొండ పద్ధతి' పేరుతోనే చెలామణి అవుతున్నది. తర్వాత మిషన్ భగీరథ గొట్టాల ద్వారా కృష్ణా నీరు ఇంటింటికీ చేరింది. అప్పటికే వంగిన నడుములు మాత్రం వంగే ఉన్నాయి.

ఇక మిగిలినది పక్కవాడి బోరు సంగతి. ఒకరు లోతుగా వేస్తే రెండోవారిది ఎండుతుంది. అప్పుడు రెండోవారు ఇంకా లోతుకు పోతారు. తన బలం మీద ఆనుకోవడమంటే ఆచరణలో పక్కవాడి ఊటను లాగడమే అవుతున్నది. ఫిఖ్హ్ పండితులు దీనిని ఏనాడో ఆలోచించారు. బావికి చుట్టూ 'హరీం' ఉంటుంది, అంటే మరొకరు బావి తవ్వరాని ఆవరణ. హనఫీ గ్రంథం హిదాయా ప్రకారం పశువులకు తోడే బావికి 40 మూరలు. ఒంటెతో తోడి పొలానికి పారించే బావికి ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ)ల దృష్టిలో 60 మూరలు, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో 40. ఊటకైతే 500. ఈ కొలతలు బీడు భూమిలో తవ్విన బావులకు, చేత్తోనూ పశువుతోనూ తోడే రోజుల్లో నిర్ణయించినవి. పట్టా పొలంలో వేసే ఆరు వందల అడుగుల బోరుకు, రాతి పగుళ్ల వెంట ఎంతదూరమో లాగే మోటారుకు అవే చాలవని చెప్పడానికి ముఫ్తీ కానక్కరలేదు. కాని వాటి వెనుక ఉన్న కారణం మారలేదు: ఒకరి తవ్వకం మరొకరి నీటిని ఇంకించరాదు. నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో ప్రజలు భాగస్థులని అబూ దావూద్‌లో హదీసు ఉంది. ఈ కొలతలను రాతినేలకు తగినట్లు తిరిగి ఆలోచించి, భూగర్భజల శాఖ వారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక ఫత్వా రూపంలో ఇవ్వవలసిన బాధ్యత దారుల్ ఇఫ్తాలపై ఉంది. అటువంటి ఫత్వా వచ్చేలోగా, బండి పిలిపించేముందు చుట్టుపక్కల పొలాలవారిని ఒకసారి అడిగే పద్ధతిని ఊరి జమాఅత్ పెద్దలు ఈ ఎండాకాలం నుండే మొదలుపెట్టవచ్చు.